సంతకం పెట్టినవాళ్లు, సాక్ష్యం చెప్పవలసినవాళ్లు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో తెలుగు కాగితాలను ఒడియాలోకి, ఒడియా కాగితాలను తెలుగులోకి మార్చి రాయడం నా పని. భూమి తగాదాలు, వారసత్వ ధ్రువపత్రాలు, పింఛను అర్జీలు ఎక్కువగా వస్తుంటాయి. ఈ మధ్య నలుగురు పెద్దమనుషులు వేరే రకం కాగితం పట్టుకుని వచ్చారు. నలుగురూ పోలీసు శాఖలో పనిచేసి రిటైరైనవాళ్లే. వాళ్లతో కలిసి పనిచేసిన ఒక అధికారి మీద క్రిమినల్ కేసు నడుస్తోంది. చాలా ఏళ్ల కిందట ఆయన స్టేషను బాధ్యత చూస్తున్న రోజుల్లో, విచారణకని తీసుకొచ్చిన ఒక మనిషిని రాత్రంతా కొట్టించారన్నది ఆరోపణ. ఆయన ఇప్పుడు ఉద్యోగంలో లేరు. వయసు మీదపడింది, చక్కెర జబ్బు ఉంది. వాయిదా ఉన్న రోజున పాత సహోద్యోగులు పాతిక ముప్పై మంది కోర్టు ముందు చేరుతున్నారు. పాతపట్నం, టెక్కలి వైపు నుంచి కూడా బస్సెక్కి వస్తున్నారు. కేసు తేలలేదు కాబట్టి ఆయన పేరు గానీ, ఆ స్టేషను ఏదన్నది గానీ ఇక్కడ రాయను.

తెచ్చినది రెండు పేజీల వినతిపత్రం. కింద ఖాళీ గీతలు, కొన్నిటి మీద అప్పటికే సంతకాలు. అందులో మూడు మాటలున్నాయి: ఆయన నిజాయితీపరుడు, కేసు అబద్ధం, కాబట్టి ప్రభుత్వం కేసు ఎత్తివేయాలి. చదివేవాడికి ఇవి ఒకదాని వెనుక ఒకటి సహజంగా వచ్చినట్టే కనిపిస్తాయి. చట్టంలో మాత్రం మూడింటికీ మూడు వేర్వేరు దారులు. మొదటి మాట చెప్పగలిగినవాళ్లు చాలామంది ఉంటారు. రెండో మాట చెప్పగలిగినవాళ్లు ఆ రాత్రి అక్కడ ఉన్నవాళ్లు మాత్రమే. మూడోది వినతిపత్రంతో జరిగే పని కాదు. ఈ ముడి విప్పకుండా అండగా నిలబడితే ఆ అండ ముద్దాయికీ మేలు చేయదు, దెబ్బలు తిన్నవాడికీ న్యాయం చేయదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు వాళ్ల పక్షాన చెప్పవలసింది చెబుతాను. ఈ సరిహద్దులో పోలీసు ఉద్యోగం ఎలాంటిదో బయటివాళ్లకు సులువుగా అర్థం కాదు. 2006 మార్చిలో మా గజపతి జిల్లాలోని ఆర్.ఉదయగిరి మీద మావోయిస్టులు దాడి చేసి సబ్ జైలు నుంచి ఖైదీలను విడిపించుకుపోయారు. పోలీసులు చనిపోయారు. 2008 జూన్ 29న మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో ఆంధ్ర పోలీసుల నక్సల్ వ్యతిరేక దళం గ్రేహౌండ్స్ ప్రయాణిస్తున్న పడవ మీద దాడి జరిగింది. 38 మంది భద్రతా సిబ్బంది పోయారు. పక్కనే కూర్చుని అన్నం తిన్నవాడి శవాన్ని నీళ్లలోంచి తీయవలసి వచ్చిన మనుషులు వీళ్లు. సెలవు దొరక్క పిల్లల పెళ్లిచూపులకు కూడా వెళ్లలేకపోయిన మనుషులు. అలాంటి చోట ఏర్పడిన బంధం రిటైరైన మర్నాడు తెగిపోదు, తెగిపోవాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. పైగా వాళ్లకొక భయం ఉంది, దానిలో నిజం ఉంది. పైనుంచి వచ్చే ఆదేశాలు చాలావరకు నోటిమాటలు. తేడా వచ్చినప్పుడు ఆ నోటిమాటకు రుజువు ఉండదు, డైరీలో సంతకం ఉన్నవాడే బోనులో నిలబడతాడు. ‘ఈరోజు ఆయన, రేపు మేము’ అని ఆ నలుగురిలో ఒకరు అన్నప్పుడు నేను కాదనలేకపోయాను.

వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: ఉద్యోగంలో ఉన్నంతకాలం లేని కేసు రిటైరయ్యాక ఎందుకు వచ్చింది? దీని వెనుక కుట్ర ఉందని వాళ్లు గట్టిగా నమ్ముతున్నారు. కుట్ర ఉండవచ్చు, అది కోర్టు తేల్చాలి. కానీ కుట్ర లేకపోయినా ఇలా జరగడానికి మామూలు కారణాలు చాలానే ఉన్నాయి. చిన్న నేరాలకు కాలపరిమితి ఉంది. ఏడాది వరకు శిక్ష పడే నేరమైతే ఏడాదిలోపు, మూడేళ్ల వరకు పడేదైతే మూడేళ్లలోపు కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలి. అంతకు మించిన శిక్ష ఉన్న నేరాలకు పరిమితే లేదు. నేరం ఒప్పించడానికి కొట్టడం పాత శిక్షాస్మృతి 330 సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. దెబ్బ తీవ్రమైనదైతే 331 కింద పదేళ్ల వరకు. కాబట్టి ఇరవై ఏళ్లు గడిచినా కేసుకు ప్రాణం ఉంటుంది. రెండో కారణం ఇంకా తేలిక. అధికారి కుర్చీలో ఉండగా అదే స్టేషను పరిధిలో బతికే మనిషి నోరు విప్పడు.

హర్యానాలో ఎస్.పి.ఎస్. రాథోర్ కేసు చూడండి. ఒక బాలిక పట్ల అసభ్యంగా ప్రవర్తించాడని 1990లో ఫిర్యాదు, 1999లో ఎఫ్‌ఐఆర్, 2009 డిసెంబరులో శిక్ష. మధ్యలో ఆయన రాష్ట్ర డీజీపీ అయ్యారు, 2002లో రిటైరయ్యారు. కేసు ఆలస్యం కావడం ముద్దాయి నిర్దోషి అనడానికి గుర్తు కాదు. దోషి అనడానికీ కాదు.

ఇక ఈ కేసుల్లో అన్నిటికంటే చిక్కుగా ఉండేది ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి. ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో చేసిన పని మీద కేసు అయితే, ప్రభుత్వం అనుమతి ఇవ్వనిదే కోర్టు దాన్ని విచారణకు తీసుకోకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 197 సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 218. ఉద్యోగిగా ‘ఉన్న’ వ్యక్తితో పాటు ‘ఉండిన’ వ్యక్తికీ ఇది వర్తిస్తుంది. అంటే రిటైరైనంత మాత్రాన కవచం పోదు. కొత్త చట్టం ఒక గడువు పెట్టింది. అనుమతి కోరిన కాగితం అందిన 120 రోజుల్లో ప్రభుత్వం నిర్ణయం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఏళ్ల తరబడి ఫైళ్లు సచివాలయంలో పడి ఉన్న అనుభవం నుంచి పుట్టిన నిబంధన ఇది. అయితే కొత్త చట్టం రాకముందే కోర్టులో నడుస్తున్న కేసులకు పాత విధానమే కొనసాగుతుంది.

ఈ కవచం పోలీసులందరికీ ఉందనుకోవడం పొరపాటు. ప్రభుత్వం మాత్రమే ఉద్యోగం నుంచి తొలగించగల స్థాయి వారికే అది నేరుగా దక్కుతుంది. ఎస్పీ తొలగించగల కానిస్టేబుల్‌కు, డీఐజీ తొలగించగల ఎస్ఐకి ఆ సెక్షన్ దానంతటది రక్షణ ఇవ్వదు. శాంతిభద్రతలు చూసే బలగాలకు కూడా వర్తిస్తుందని రాష్ట్ర ప్రభుత్వం విడిగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప. ఈ విషయం చెప్పినప్పుడు ఆ నలుగురిలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనాయన ముఖంలో కనిపించిన ఆశ్చర్యం నేను మర్చిపోలేను. పెద్ద అధికారికి గొడుగు ఉంది, ఆయన ఆదేశం మేరకు లాఠీ పట్టినవాడు వానలో ఉన్నాడు. పెద్దవాళ్ల కోసం కిందివాళ్లు సంతకాలు పెట్టే ముందు ఇది తెలుసుకోవాలి.

గొడుగు ఉన్నవాళ్లకు కూడా ఏ పని విధి కిందికి వస్తుంది, ఏది రాదు అన్న ప్రశ్న మిగులుతుంది. చేసిన పనికీ ఉద్యోగ ధర్మానికీ సహేతుకమైన సంబంధం ఉందా అని చూడాలని సుప్రీంకోర్టు 1950లలోనే ఒక కొలత పెట్టింది. ఆ కొలత వాడేటప్పుడు తీర్పులు అటూ ఇటూ ఊగుతూ వచ్చాయి. 2020లో దేవరాజ కేసులో, విధి నిర్వహణలో అధికారి హద్దు మీరినంత మాత్రాన రక్షణ పోదని కోర్టు చెప్పింది. 2024 డిసెంబరులో మరో కేసులో, దొంగ కేసు పెట్టడం, సాక్ష్యం సృష్టించడం ఉద్యోగ ధర్మంలో భాగం ఎలా అవుతాయని అడిగి రక్షణ నిరాకరించింది. నా మట్టుకు నాకు రెండో దారే న్యాయంగా కనిపిస్తుంది. నిందితుణ్ణి పట్టుకోవడం విధి. పెనుగులాడితే అదుపు చేయడం విధి. తలుపు మూసి, కట్టేసి కొట్టడం ఏ విధి? కానీ ఇది నా అభిప్రాయం మాత్రమే. ముద్దాయి తరఫు వకీలు 2020 తీర్పు పట్టుకుని వాదించడంలో తప్పేమీ లేదు. సహోద్యోగులు డబ్బు పోగుచేసి మంచి వకీలును పెట్టదలచుకుంటే, ఆ డబ్బు ఖర్చు కావలసింది ఇలాంటి వాదన మీదే.

‘ఆయన నిజాయితీపరుడు’ అన్న మాటకు చట్టంలో విలువ ఉంది. చాలామందికి ఇది తెలియదు. భారతీయ సాక్ష్య అధినియమం 47 సెక్షన్, పాత సాక్ష్య చట్టంలో 53, ఏం చెబుతుందంటే క్రిమినల్ కేసులో ముద్దాయి మంచి నడవడిక కూడా సంబంధిత విషయమే. దాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చు. అయితే రెండు చిక్కులున్నాయి. ముప్పై మంది సంతకాలతో ఉన్న కాగితం సాక్ష్యం కాదు. చెప్పదలచినవాళ్లు ఒక్కొక్కరుగా బోనెక్కాలి, ప్రమాణం చేయాలి, అవతలి వకీలు ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. రెండోది ఇంకా ముఖ్యం. మామూలుగా ముద్దాయి చెడ్డ నడవడికను ప్రాసిక్యూషన్ బయటికి తీయకూడదు. కానీ ముద్దాయి పక్షం తన మంచితనానికి సాక్ష్యం తెస్తే, దానికి జవాబుగా చెడ్డ సాక్ష్యం తేవడానికి తలుపు తెరుచుకుంటుంది. మిత్రులు ప్రేమతో చెప్పిన పొగడ్త పాత ఫిర్యాదుల కట్టను కోర్టులోకి తీసుకురాగలదు. ఈ మాట చెప్పగానే ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకో నేను అడగలేదు.

కేసు ఎత్తివేత విషయం త్వరగా ముగిస్తాను. ప్రభుత్వం నేరుగా కేసు ఎత్తివేయలేదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ స్వయంగా ఆలోచించి కోర్టును కోరాలి, కోర్టు ఒప్పుకోవాలి. కొత్త సంహిత 360 సెక్షన్ ప్రకారం బాధితుడి మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదు. ఆంధ్ర పక్క ఎమ్మెల్యేకూ ఒక ప్రతి పంపాలని వాళ్లు అనుకున్నారు. ఒడిశా పోలీసు అధికారిగా చేసిన పనికి అనుమతి ఇచ్చేదీ, నిరాకరించేదీ ఒడిశా ప్రభుత్వమే. మహేంద్రతనయ నదికి అవతలి నుంచి ఎన్ని సిఫార్సులు వచ్చినా కాగితం కదిలేది భువనేశ్వర్‌లోనే.

అసలు ఇలా గుమికూడవచ్చా అని ఒకాయన సందేహం వెలిబుచ్చారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం అడ్డు ఉంది. అనుమతి లేకుండా సంఘాల్లో చేరకూడదు, పత్రికలకు ఎక్కకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు. రిటైరైనవారిని ఆ చట్టం పట్టుకోదు, సభ పెట్టుకోవచ్చు, మాట్లాడవచ్చు. పింఛను నిబంధనల్లో మాత్రం ‘ఇకముందు కూడా సత్ప్రవర్తనతో ఉండాలి’ అన్న షరతు ఉందని గుర్తుంచుకోవాలి. పింఛను అంటే గుర్తొచ్చింది, నిజంగా సాయం చేయదలచినవాళ్లకు అక్కడ బోలెడు పని ఉంది. కోర్టు కేసు నడుస్తుండగా రిటైరైనవారికి సాధారణంగా తాత్కాలిక పింఛను వస్తుంది, గ్రాట్యుటీ మాత్రం కేసు తేలేదాకా ఆగుతుంది. పింఛను దయాధర్మం కాదనీ అది ఆస్తితో సమానమనీ, నిబంధన లేకుండా ఆపకూడదనీ 2013లో జార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయి భార్య ట్రెజరీ చుట్టూ ఒంటరిగా తిరుగుతోందని ఆ నలుగురే చెప్పారు. అయితే పాతిక మందిలో ఒక్కరైనా ఆమెతో వెళ్లవచ్చు కదా అని నాకనిపించింది. అదీ అండే.

ఇక బాధ కలిగించే భాగం. కోర్టు మెట్ల దగ్గర పాతిక మంది తెల్లజుట్టు మనుషులు చేతులు కట్టుకుని నిలబడితే ముద్దాయికి ధైర్యం వస్తుంది. అదే మెట్లెక్కి రావలసిన సాక్షికి ఏమవుతుంది? వాళ్లెవరూ పల్లెత్తు మాట అనకపోవచ్చు. అనవలసిన అవసరం లేదు. ఆ ముఖాలు ఆ సాక్షికి తెలుసు. సాక్షిని అబద్ధం చెప్పమని బెదిరిస్తే ఏడేళ్ల వరకు జైలు, కానీ ఊరికే నిలబడి చూడడాన్ని ఏ సెక్షన్ కిందికి తేగలం? సాక్షులకు రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదించింది. కొత్త సంహిత ప్రకారం ప్రతి రాష్ట్రం అలాంటి పథకం పెట్టుకోవాలి. 2018 పథకంలో దరఖాస్తు వెళ్లేది జిల్లా జడ్జి నాయకత్వంలోని కమిటీకి. అందులో జిల్లా పోలీసు అధికారి సభ్యుడు. ముప్పు ఎంత ఉందో నివేదిక రాసేది ఆ ప్రాంత డీఎస్పీ. మిగతా కేసుల్లో ఇది సబబే. కానీ పోలీసు మీద సాక్ష్యం చెప్పే గిరిజనుడు, తనకు పోలీసుల వల్ల భయంగా ఉందని పోలీసులకే చెప్పుకోవాలి.

లాకప్పులో జరిగినదానికి ప్రత్యక్ష సాక్షులు ఎవరు? అక్కడ డ్యూటీలో ఉన్న పోలీసులే. 1995లో మధ్యప్రదేశ్ లాకప్ మరణం కేసులో సుప్రీంకోర్టు ఈ నిజాన్ని దాచుకోకుండా రాసింది. సోదరభావంతో కట్టుబడిన సిబ్బంది మౌనంగా ఉండిపోవడం, తోటివారిని కాపాడడానికి నిజాన్ని వంచడం కొత్త కాదంది. కాబట్టి ప్రత్యక్ష సాక్ష్యం కోసం మంకుపట్టు పడితే న్యాయమే దెబ్బతింటుందంది. నా దగ్గరకు వచ్చిన వినతిపత్రంలోనూ ఆ మాటే గర్వంగా రాసి ఉంది: ‘మేమంతా అన్నదమ్ములం’. బయట మనిషిని నిలబెట్టే బంధమే లోపల నిజాన్ని నొక్కేయగలదు. రెండూ ఒకే తాడు.

ఆ తాడు తెంచుకున్నవాళ్లూ ఉన్నారు. 1970 ఫిబ్రవరి 18న కేరళలోని వయనాడ్‌లో నక్సలైటు నాయకుడు వర్గీస్ ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. 1998లో రామచంద్రన్ నాయర్ అనే అప్పటి కానిస్టేబుల్ బయటికి వచ్చి, పట్టుబడిన మనిషిని పై అధికారి ఆదేశంతో తానే కాల్చానని చెప్పారు. తాను కూడా ముద్దాయి అవుతానని తెలిసే చెప్పారు. 2006లో ఆయన పోయారు. 2010 అక్టోబరులో, సంఘటన జరిగిన నలభై ఏళ్లకు, రిటైర్డ్ ఐజీ లక్ష్మణకు యావజ్జీవ శిక్ష పడింది. 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం స్టేషనులో కొట్టిన దెబ్బలకు తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు, అదే స్టేషను హెడ్ కానిస్టేబుల్ రేవతి భయపడుతూనే మేజిస్ట్రేటుకు వాంగ్మూలం ఇచ్చారు. రాత్రంతా కొట్టారని, లాఠీలకూ బల్లకూ నెత్తురు అంటిందని చెప్పారు. స్టేషనును రెవెన్యూ అధికారుల చేతిలో పెట్టవలసి వచ్చింది, అంతగా దిగజారింది పరిస్థితి. ఆమె కూడా ఖాకీ వేసుకున్న మనిషే. పోలీసు శాఖ పరువు నిలిపింది ఆమే అని నేను నమ్ముతాను.

మా ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది నా రోజువారీ పని. ఇక్కడ సాక్షి తెలుగులో మాట్లాడతాడు, లేదా గిరిజన భాష సవర మాట్లాడితే ఎవరో దాన్ని తెలుగులోకి తెస్తారు, అక్కడి నుంచి ఒడియాలోకో ఇంగ్లీషులోకో వెళుతుంది. తెలుగులో ‘కొట్టారు’ అంటే పలువురు కొట్టారనీ అర్థం, గౌరవంతో ఒక్కరినే అన్నారనీ అర్థం. తనను కొట్టిన అధికారిని కూడా మన పల్లెటూరి మనిషి ‘గారు’ చేర్చే మాట్లాడతాడు. ఇంగ్లీషులో రాసేటప్పుడు అది ‘వాళ్లు’ అయిపోతే, ఎవరు కొట్టారో చెప్పలేకపోయాడని వాదన పుడుతుంది. ‘పడిపోయాడు’ అనడానికీ ‘పడేశారు’ అనడానికీ మధ్య ఒక మనిషి జీవితమంత దూరం ఉంది. కర్త ఎవరో మళ్లీ అడిగి రాయించాలి. సాక్షి తన భాషలో చెప్పినదాన్ని ఆ భాషలోనే నమోదు చేసి అనువాదం జతపరిచే వీలు చట్టంలోనే ఉంది. కానీ అడిగేవాళ్లు తక్కువ. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన, సవర భాషకు జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడి కోర్టులో మనిషి నోటి మాట ఉన్నదున్నట్టు నిలవకపోతే నాకు కష్టంగా ఉంటుంది.

వినతిపత్రం మార్చి రాయడం మొదలుపెట్టే ముందు నేనొక ప్రశ్న అడిగాను. సంతకం పెట్టినవాళ్లలో ఆ రాత్రి స్టేషనులో డ్యూటీలో ఉన్నవారెవరైనా ఉన్నారా? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరున్నారని తేలింది. ఒకరు ఊళ్లో లేరు. రెండోవారు నా ఎదురుగానే కూర్చున్న హెడ్డు గారు. ‘కేసు అబద్ధం’ అని సంతకం పెట్టిన మనిషి రేపు సమన్లు అందుకుని బోనెక్కితే, ఆ కాగితం ఎవరో ఒకరు ఆయన ముందు పెడతారని చెప్పాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు, ఆయన చూసిందేమిటో అడగనూ లేదు.

ఆ రోజు వాళ్లు కాగితం నా దగ్గరే వదిలి వెళ్లారు. మూడు రోజుల తర్వాత హెడ్డు గారు ఒక్కరే వచ్చారు. నా కలం అడిగి తీసుకుని, తన పేరున్న గీత మీద రెండుసార్లు కొట్టేశారు. చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి అడిగారు.

‘‘మాస్టారూ, నాకు ఒడియా సరిగ్గా రాదు. తెలుగులో చెప్పుకోవచ్చా?’’

‘‘చెప్పుకోవచ్చు’’ అన్నాను.